మనవాడు చెప్పాడు కదా!

2019 జనవరి 30న దేశంలోని అనేక రాష్ట్రాల్లో ఒకేసారి జరిగిన అరెస్టుల వార్త మనలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' పేరుతో ఒక విశ్వవిద్యాలయం ఉండేది. ఒక ఆఫీసు భవనంలో గదులు, ఒక వెబ్‌సైటు, ఒక ఫేస్‌బుక్ పేజీ, లాటిన్ భాషలో ఒక నినాదం, అన్నీ ఉన్నాయి. లేనివల్లా రెండే. పాఠాలు లేవు, పాఠాలు చెప్పేవాళ్లూ లేరు. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపింది హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖకు చెందిన రహస్య ఏజెంట్లు. చేరిన విద్యార్థులు సుమారు 600 మంది. మొదటి విడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో అత్యధికులు తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అదే ఏడాది నవంబరు నాటికి అరెస్టుల సంఖ్య 250 దగ్గరికి చేరింది. వాళ్లలో ఎక్కువమంది 'మేమే వెళ్లిపోతాం' అని సంతకాలు పెట్టి ఇంటిదారి పట్టారు.

విద్యార్థుల మీద పెట్టినవి వీసాకు సంబంధించిన సివిల్ అభియోగాలు. క్రిమినల్ కేసు మాత్రం ఎనిమిది మంది మీద పెట్టారు. వాళ్లు ఆ విశ్వవిద్యాలయానికి విద్యార్థులను చేర్పించిన మధ్యవర్తులు. ఎనిమిది మందీ తెలుగువాళ్లే. అంతా కలిసి రెండున్నర లక్షల డాలర్లకు పైగా కమీషన్ తీసుకున్నారన్నది ప్రభుత్వ అభియోగం. తర్వాత నేరం ఒప్పుకున్నారు, రెండేళ్ల దాకా జైలు శిక్షలు పడ్డాయి.

ఆ రోజుల్లో ఏ ఇంట్లో నలుగురు కలిసినా ఇదే చర్చ. కొందరు 'ప్రభుత్వమే వల పన్నడం ఏమిటి, అన్యాయం' అన్నారు. మరికొందరు 'క్లాసులు లేవని ఆ పిల్లలకు తెలియదా ఏమిటి, తెలిసే చేరారు' అన్నారు. ఈ రెండు వాదనల గోలలో మూడో విషయం మరుగున పడిపోయింది. ఆ పిల్లలు ఆ విశ్వవిద్యాలయం పేరు మొదట ఎవరి నోట విన్నారు? చాలామంది ఒక స్నేహితుడి నోట, ఒక రూమ్మేటు నోట, 'మా అన్నకు తెలిసినవాడు' నోట విన్నారు. ఆ మాట వెనక కమీషన్ ఉందని వినేవాడికి తెలియదు. ఈ వ్యాసంలో నేను మాట్లాడదలచుకున్నది ఆ మాట గురించే.

ఇన్నేళ్ల తర్వాత ఈ పాత కథ ఎందుకు అంటారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆ కేసు ఇంకా చల్లారలేదు. డబ్బు కట్టిన ఒక విద్యార్థి 'చదువు చెబుతామని ఒప్పందం చేసుకుని చెప్పలేదు కాబట్టి నా డబ్బు నాకివ్వండి' అని ప్రభుత్వం మీద దావా వేశాడు. 2022లో కింది కోర్టు దాన్ని కొట్టేసింది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పు చెల్లదని, దావాను విచారించాల్సిందేనని చెప్పి వెనక్కి పంపింది. రెండో కారణం ఇంకా పెద్దది. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థుల సంఖ్య మూడు లక్షల అరవై మూడు వేలు దాటింది. మరోవైపు 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. దారులు మూసుకుపోతున్న కొద్దీ 'నాకో దారి తెలుసు' అనేవాడి మాటకు విలువ పెరుగుతుంది. అలాంటి మాట మీద సొమ్ము చేసుకునేవాళ్లకు ఇదే అదను.

ప్రభుత్వం చేసిన మోసం

ముందు ప్రభుత్వం సంగతి తేల్చేద్దాం. నేరగాళ్లను పట్టుకోవడానికి పోలీసులు వేషం మార్చడం కొత్త కాదు. కానీ ఫార్మింగ్టన్‌లో వేషం వేసింది ఏజెంట్లు మాత్రమే కాదు. జాగ్రత్తపరుడైన విద్యార్థి ఎవరైనా ఏం చేస్తాడు? ఆ విద్యాసంస్థకు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉందా అని ప్రభుత్వ జాబితాలో చూస్తాడు. అందులో ఫార్మింగ్టన్ పేరు ఉంది. గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో చూస్తాడు. అందులోనూ ఉంది. అంటే 'మోసపోకుండా ఉండాలంటే ఇక్కడ చూసుకోండి' అని ప్రభుత్వమే చెప్పిన చోట అబద్ధం రాసి పెట్టారు. కంచే చేను మేయడమంటే ఇదే కదా.

ఇదే శాఖ అంతకు ముందు 2013లో న్యూజెర్సీలోని క్రాన్‌ఫర్డ్‌లో 'యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ న్యూజెర్సీ' అని ఇలాంటిదే ఒకటి పెట్టింది. 2016 ఏప్రిల్‌లో 21 మంది దళారులను అరెస్టు చేసింది. చేరిన సుమారు వెయ్యి మంది విద్యార్థుల వీసాలు ప్రశ్నార్థకమయ్యాయి. వాళ్లలో కొందరు కోర్టుకు వెళ్తే 2019 ఆగస్టులో థర్డ్ సర్క్యూట్ కోర్టు వాళ్ల ఫిర్యాదు వినదగినదేనంది.

అయితే ప్రభుత్వ వాదనలో బొత్తిగా బలం లేదనీ అనలేం. క్లాసులు జరగని చోట ఫీజు కట్టి, సీపీటీ కాగితాలు తీసుకుని, ఫుల్‌టైమ్ ఉద్యోగం చేసుకుంటున్నవాడికి ఇందులో ఏదో తేడా ఉందని తట్టకుండా ఉండదు. ఆ తేడా కనిపించగానే వేరే విశ్వవిద్యాలయానికి మారిపోయినవాళ్లూ ఉన్నారు. కాబట్టి అందరూ అమాయకులని నేను వాదించడం లేదు. నా ప్రశ్న వేరు. ప్రభుత్వం మన సముదాయంలోకి రావడానికి వాడుకున్న ద్వారం ఏది? ఆ ఏజెంట్లు తెలుగు నేర్చుకోలేదు, మన పార్టీలకు రాలేదు, మన వాట్సాప్ గుంపుల్లో చేరలేదు. ఆ అవసరమే లేకపోయింది. మనలో ఒకడికి కాస్త డబ్బు ఇస్తే వాడే మిగతావాళ్లను పిలుచుకొస్తాడని వాళ్లకు తెలుసు. ఎలా తెలుసు? అంతకు ముందే అలా జరిగింది కాబట్టి.

ట్రై-వ్యాలీ నేర్పిన పాఠం, మనం నేర్చుకోని పాఠం

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. ఇది ప్రభుత్వం పెట్టింది కాదు, ఒక వ్యక్తి వ్యాపారం. సుమారు పదిహేను వందల మంది విద్యార్థులు, అత్యధికులు అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. రికార్డుల ప్రకారం వాళ్లలో సగం మందికి పైగా సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్టుమెంటులో ఉంటున్నట్టు చిరునామా రాసి ఉంది! కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు బిగించారని తెలిసి మన దేశంలో పెద్ద దుమారం లేచింది, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. దాని అధిపతి సూసన్ సూకు 2014లో పదహారున్నర ఏళ్ల జైలు శిక్ష పడింది.

కాలి పట్టీల గురించి అందరం మాట్లాడాం. కానీ ప్రభుత్వం కోర్టులో వేసిన ఫిర్యాదులో ఇంకో వివరం ఉంది. కొత్త విద్యార్థిని చేర్పించిన పాత విద్యార్థికి, ఆ కొత్తవాడి ఫీజులో 20 శాతం ఇచ్చేవారు. ఆ కొత్తవాడు మరొకరిని తెస్తే అందులోనూ కొంత వాటా. గొలుసుకట్టు వ్యాపారమన్నమాట. ఇప్పుడు ఆలోచించండి. ఖమ్మం నుంచో గుంటూరు నుంచో వచ్చిన కుర్రాడు ఓపీటీ అయిపోతోందని కంగారుగా తన కాలేజీ సీనియరుకు ఫోన్ చేస్తాడు. 'అన్నా, ఏం చేయమంటావు?' అని అడుగుతాడు. అన్న చెప్పే సమాధానం విలువ ఎంతో ముందే లెక్క కట్టి ఉంది. తమ్ముడి ఫీజులో అయిదో వంతు.

అమ్ముకున్నది ఏమిటి?

ఇలాంటి కేసుల్లో నేరం ఏమిటని చట్టం అడుగుతుంది. వీసా మోసమా, అక్రమ లాభమా అని చూస్తుంది. నీతి అడిగే ప్రశ్న ఇంకోటి. ఆ అన్న ఏం అమ్మాడు?

విశ్వవిద్యాలయం సీటు అన్న సొత్తు కాదు. సమాచారం అమ్మాడా అంటే, ఆ సమాచారం వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. అమ్మింది ఒకటే, తమ్ముడికి తన మీద ఉన్న నమ్మకాన్ని. 'మనవాడు చెప్పాడు కదా' అనుకుని తమ్ముడు రెండోసారి చూసుకోడు. ఆ చూసుకోకపోవడాన్నే విశ్వవిద్యాలయం డబ్బిచ్చి కొనుక్కుంది. కానీ ఆ నమ్మకం అన్నది కాదు, తమ్ముడిది. తమ్ముడు దాన్ని అన్న దగ్గర ఉంచాడు, అంతే. మన దగ్గర దాచుకోమని ఇచ్చిన నగను తాకట్టు పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఇంకో సంగతి. సిఫార్సు చేసిన వస్తువు మంచిదైతే ఈ తప్పు పోతుందా? పోదంటాను నేను. తమ్ముడికి అక్కడ నిజంగానే మంచి చదువు దొరికి ఉండవచ్చు. అయినా అన్న మాట వెనక డబ్బుందని తెలిస్తే తమ్ముడు ఇంకో ఇద్దరిని అడిగేవాడు. అలా అడిగే అవకాశాన్ని అన్న అతనికి తెలియకుండా తీసేశాడు. కాబట్టి ద్రోహం జరిగింది డబ్బు తీసుకోవడంలో కాదు, దాన్ని దాచిపెట్టడంలో.

మహాభారతంలో ద్రోణుడి వధ ఘట్టం మనందరికీ తెలిసిందే. అశ్వత్థామ చనిపోయాడని భీముడు అరిస్తే ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజును అడిగాడు. ఎందుకంటే ఈయన అబద్ధం చెప్పడని నమ్మకం. ధర్మరాజు చెప్పిన మాట అక్షరాలా చూస్తే అబద్ధం కాదు, ఏనుగు చచ్చింది నిజమే. కానీ వినేవాడికి ఏది వినిపించకూడదో అది వినిపించకుండా చెప్పాడు. అంతవరకూ నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన రథం ఆ క్షణంలో నేలకు దిగిందంటారు. యుద్ధంలో ఇంకెన్నో అధర్మాలు జరిగాయి. వాటికి ఎవరి రథమూ దిగినట్టు చెప్పలేదు. ఈ ఒక్క మాటకు దిగింది. నమ్మి అడిగినవాడికి సగం నిజం చెప్పడాన్ని మన పెద్దలు ఎంత లోతుగా చూశారో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

మనం చెప్పుకునే సమాధానాలు

ఈ విషయం మాట్లాడినప్పుడల్లా నాకు వినిపించే సమాధానాలు మూడున్నాయి.

మొదటిది: 'వాడూ తెలిసే చేశాడు, వాడికీ ఆశ ఉంది.' ఇది నిజమే అనుకుందాం. ఎదుటివాడి తప్పు వాడి ఖాతాలో ఉంటుంది, నా తప్పు నా ఖాతాలో ఉంటుంది. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. పైగా, ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఇంటి దగ్గర బ్యాంకు అప్పు, వీసా గడువు ముంచుకొస్తోంది. అలాంటివాడి ఆశకూ, నెలనెలా జీతం వస్తూ ఈ దేశంలో కాస్త నిలదొక్కుకున్నవాడి ఆశకూ ఒకే తూకం వేయలేం. ముందు నడిచినవాడికి దారి తెలుసు. తెలిసినవాడి బాధ్యత ఎక్కువ.

రెండోది: 'అందరూ చేస్తున్నదే కదా.' నాకు ఈ మాటలో తర్కం కంటే అలసట ఎక్కువ వినిపిస్తుంది. అందరూ చేస్తున్నారన్నది నిజమే అయితే నష్టం ఇంకా పెద్దదే తప్ప చిన్నది కాదు. హెచ్-1బి లాటరీ సంగతే చూడండి. 2024 ఆర్థిక సంవత్సరానికి అర్హత పొందిన నమోదులు 7,58,994. అందులో 4,08,891 నమోదులు ఒకటికి మించి నమోదులు ఉన్న వ్యక్తుల పేరు మీద వచ్చినవి. రెండు కంపెనీలు విడివిడిగా, నిజంగా ఒకే మనిషిని కోరుకుంటే అది తప్పు కాదు. కానీ కంపెనీలు కూడబలుక్కుని అవకాశాలు పెంచుకోవడం నిషిద్ధం. ఆ తర్వాతి ఏడాది నుంచి మనిషికి ఒకటే అవకాశం అని లెక్క మార్చగానే అర్హమైన నమోదులు 4,70,342కి పడిపోయాయి. మధ్యలో పోయిన ఆ సంఖ్యలో వెనకబడింది ఎవరు? ఒకే కంపెనీ ద్వారా, ఒకే ఒక్కసారి, నిజాయితీగా పేరు ఇచ్చి కూర్చున్నవాడు. వాడూ మనవాడే.

మూడోది కాస్త గట్టి సమాధానం: 'కంపెనీలో రిఫరల్ బోనస్ తీసుకుంటాం కదా, దానికీ దీనికీ తేడా ఏమిటి?' మంచి ప్రశ్న. తేడా ఉంది. రిఫరల్ బోనస్ రహస్యం కాదు. కంపెనీ దాన్ని బాహాటంగా ప్రకటిస్తుంది, ఉద్యోగం కోసం వచ్చేవాడికీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. అయితే ఇక్కడ ఇంకో పక్కనుంచి నమ్మకద్రోహం జరగవచ్చు. కంపెనీ నన్ను నమ్మి 'ఈయన నీకు తెలుసా?' అని అడుగుతుంది. ముఖం కూడా చూడని మనిషి రెజ్యూమెను, మూడు వాట్సాప్ గుంపులు తిరిగి వచ్చినదాన్ని, 'తెలుసు' అని టిక్కు పెట్టి పంపిస్తే నేను అమ్ముతున్నది కంపెనీకి నా మీద ఉన్న నమ్మకాన్ని. ఆ టిక్కుల విలువ పడిపోయిన రోజున నిజంగా తెలిసిన మంచి కుర్రాడి కోసం నేను చెప్పే మాటకు కూడా ఎవరూ చెవి ఇవ్వరు.

ఈ దేశపు నియమాలు ఏం చెబుతున్నాయి?

ఈ విషయంలో అమెరికా చట్టం చాలా చోట్ల మనకంటే ముందే మేల్కొంది. ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీకో, ఇన్సూరెన్సుకో మనల్ని పంపించి దానికి రహస్యంగా కమీషన్ పుచ్చుకోకూడదని 1974లో వచ్చిన రెస్పా చట్టం చెబుతుంది. ఒక వస్తువును పొగడడానికి డబ్బు తీసుకుంటే ఆ సంగతి చెప్పి తీరాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో బ్లాగర్లకు కూడా వర్తించేలా మార్గదర్శకాలు మార్చింది, 2023లో వాటిని ఇంకా బిగించింది. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. సలహా వేరు, అమ్మకం వేరు. రెండోదాన్ని మొదటిదిగా చూపించకూడదు.

చదువుల విషయానికి వస్తే మాత్రం ఒక వింత ఉంది. విద్యార్థిని చేర్పించినందుకు తలకింత అని కమీషన్ ఇవ్వడాన్ని అమెరికా కాంగ్రెస్ 1992లో, ఫెడరల్ ఆర్థిక సహాయం అందుకునే విద్యాసంస్థలకు నిషేధించింది. ఎందుకంటే తలకింత అన్నప్పుడు చేర్పించేవాడికి విద్యార్థి మేలు కనపడదు, తల ఒక్కటే కనపడుతుంది. అయితే అదే చట్టంలో ఒక మినహాయింపు పెట్టారు. విదేశాల్లో ఉండే, ఆ ఆర్థిక సహాయానికి అర్హత లేని విద్యార్థులకు ఈ నిషేధం వర్తించదు. అంటే హైదరాబాదు అమీర్‌పేటలోనో, విజయవాడలోనో కన్సల్టెన్సీ మెట్లెక్కే మన పిల్లకు ఆ రక్షణ లేదు. అడ్మిషన్ల సలహాదారుల జాతీయ సంఘం నకాక్ 2013లో విదేశీ విద్యార్థుల విషయంలో కమీషన్ తీసుకోవచ్చని తన నియమావళిలో ఒప్పుకుంది, కాకపోతే ఆ సంగతి పారదర్శకంగా ఉండాలని షరతు పెట్టింది. ఉచితంగా దరఖాస్తు నింపిపెడతామనే కన్సల్టెన్సీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో అడిగే తల్లిదండ్రులు మనలో ఎందరు?

సొంతవాళ్ల మధ్యే ఎందుకు?

ఇది తెలుగువాళ్ల జబ్బు అనుకుంటే పొరపాటు. ఒకే మతం, ఒకే భాష, ఒకే ఊరు అనే బంధాన్ని వాడుకుని చేసే మోసాలకు అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఒక పేరే పెట్టుకుంది, 'ఎఫినిటీ ఫ్రాడ్' అని. 2008 డిసెంబరులో బయటపడిన బెర్నీ మేడాఫ్ మోసం దీనికి పెద్ద ఉదాహరణ. యూదు సముదాయంలోని ధర్మసంస్థలు, కుటుంబాలు ఎన్నో మునిగిపోయాయి. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎలీ వీజెల్ నడిపిన ఫౌండేషన్ సుమారు ఒకటిన్నర కోటి డాలర్లు పోగొట్టుకుంది. మేడాఫ్‌కు 150 ఏళ్ల శిక్ష పడిన సంగతి అందరికీ తెలుసు. మధ్యలో ఉన్నవాళ్ల సంగతి తక్కువమందికి తెలుసు. ఎజ్రా మెర్కిన్ అనే ఫండ్ మేనేజరు న్యూయార్క్‌లో ఒక ప్రముఖ ప్రార్థనా మందిరానికి అధ్యక్షుడు. తనను నమ్మి జనం ఇచ్చిన డబ్బును తీసుకెళ్లి మేడాఫ్ చేతిలో పెట్టి, నిర్వహణ ఖర్చుల పేరుతో ఫీజు పుచ్చుకున్నాడని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2009లో దావా వేశారు. 2012లో 40 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుని రాజీ చేసుకున్నాడు. ఆ జనం నమ్మింది మేడాఫ్‌ను కాదు, గుడిలో రోజూ కనపడే పెద్దమనిషిని.

మన దగ్గర ఆ పెద్దమనిషి ఏ రూపంలో ఉంటాడు? వారాంతం పుట్టినరోజు పార్టీలో, పిల్లలు కేకు కోస్తుంటే, పక్కకు పిలిచి 'హైదరాబాదు శివార్లలో ప్రీ-లాంచ్ ఆఫర్ ఉంది, మన గ్రూపు వాళ్లకు మాత్రమే' అని చెప్పే రూపంలో. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టు నమోదు కాకుండా అమ్మకానికి పెట్టకూడదు, అమ్మే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. ఆ చట్టం న్యూజెర్సీ బేస్‌మెంటులో జరిగే ముచ్చట దాకా రాదు. నాకు తెలిసిన ఒకాయన అలా స్నేహితుడి మాట మీద రెండు ఫ్లాట్లకు డబ్బు కట్టాడు. బిల్డరు గడువు దాటించాడు, అది మామూలే. ఆయన్ను కుంగదీసింది అది కాదు. స్నేహితుడికి ఒక్కో ఫ్లాటుకు ఇంత అని ముట్టిందని రెండేళ్ల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలియడం. 'డబ్బు పోతే సంపాదించుకుంటాం, పదేళ్లుగా మా ఇంట్లో భోజనం చేసిన మనిషి' అన్నాడాయన. ఆ రెండు కుటుంబాలు ఇప్పుడు ఒకే గుడిలో వేర్వేరు వేళల్లో దర్శనం చేసుకుంటున్నాయి.

పరాయి దేశంలో మనకు మేనమామలు, బాబాయిలు లేరు. పెళ్లి సంబంధం విచారించినా, డాక్టరును వెతికినా, పిల్లలను ఎవరింట్లోనన్నా అరగంట వదలాలన్నా స్నేహితులే చుట్టాలు. ఊళ్లో తరతరాలుగా పెరిగే నమ్మకాన్ని ఇక్కడ మూడు నెలల్లో, ఒకటి రెండు పోట్‌లక్ భోజనాల్లో పెంచుకుంటాం. పెంచుకోక తప్పదు. అందుకే మోసగాడికి ఇక్కడ పని తేలిక. అందుకే ఇక్కడ చేసే నమ్మకద్రోహం బరువు కూడా ఎక్కువ.

రహస్యం దాచడమా, చెప్పడమా?

దీనికి పక్కనే ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. స్నేహితుడు మనల్ని నమ్మి ఒక రహస్యం చెబుతాడు. 'ఎవరికీ చెప్పకు, నేను పెట్టుకున్న ఎనిమిదేళ్ల అనుభవం నిజం కాదు' అనో, 'నేను చేరిన చోట క్లాసులు జరగవు, అయినా నా పని గడుస్తోంది' అనో. దాన్ని బయటపెడితే అదీ నమ్మకద్రోహమే కదా? ఔను. నా అభిప్రాయంలో స్నేహితుడి తప్పు అతనికే పరిమితమైనంత కాలం అతన్ని వారించాలి, రహస్యం కాపాడాలి, అధికారులకు ఫోన్ చేయడం మన పని కాదు. కానీ అదే చోట చేరడానికి ఇంకో కుర్రాడు మన దగ్గరకు వచ్చి 'అక్కడ ఎలా ఉంటుందన్నా?' అని అడిగితే అప్పుడు మౌనం పనికిరాదు. స్నేహితుడి పేరు చెప్పనక్కర్లేదు. 'అక్కడ పాఠాలు జరగవు, వెళ్లకు' అంటే చాలు. ఒకరికి ఇచ్చిన మాట మరొకరిని గోతిలో పడనివ్వడానికి ఇచ్చినది కాదు. ఇలా చెప్పగలిగినవాళ్లు మనలో ఇంకొంతమంది ఉంటే ఫార్మింగ్టన్‌లో ఆరు వందల మంది చేరేవారు కాదని నా నమ్మకం.

చేయగలిగింది ఏమిటి?

నియమం చాలా చిన్నది. ఎవరికైనా ఏదైనా సిఫార్సు చేసేటప్పుడు, అందులో మనకు ఏమైనా ముడుతుంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. 'తమ్ముడూ, నువ్వు అక్కడ చేరితే నాకు అయిదు వందల డాలర్లు వస్తాయి. అది మనసులో పెట్టుకుని నా మాట విను.' ఈ ఒక్క వాక్యం నోటికి రావడం లేదంటే ఆ డబ్బు తీసుకోకూడనిదని అర్థం. అంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

అడిగేవాళ్లు కూడా ఒక అలవాటు చేసుకోవాలి. 'ఇందులో నీకేమైనా వస్తుందా అన్నా?' అని నవ్వుతూ అడగవచ్చు. మన దగ్గర అలా అడగడం మర్యాద కాదనుకుంటాం. నిజమైన స్నేహితుడు నొచ్చుకోడు, నొచ్చుకున్నా వివరం చెబుతాడు.

మన సంఘాల బాధ్యత కూడా ఉంది. 2019లో తెలుగు సంఘాలు న్యాయవాదులతో సమావేశాలు పెట్టి, నిర్బంధంలో ఉన్న పిల్లలకు అండగా నిలబడ్డాయి. అది గర్వించదగ్గ పని. అయితే మంటలార్పడంతో పాటు అగ్గిపుల్లల సంగతీ చూడాలి. మహాసభల్లో రియల్ ఎస్టేట్ స్టాళ్లకూ, కన్సల్టెన్సీలకూ, పెట్టుబడి పథకాలకూ వేదిక ఇస్తున్నప్పుడు, వేదిక మీద మాట్లాడే కార్యవర్గ సభ్యుడికి అందులో వాటా ఉందో లేదో సభకు చెప్పే నియమం ప్రతి సంఘమూ పెట్టుకోవచ్చు. సావనీరులో ఒక పేజీ, స్టాలు ముందు ఒక చిన్న బోర్డు సరిపోతాయి. ఖర్చు లేదు. కొందరికి ఇబ్బంది ఉంటుంది. ఆ ఇబ్బంది ఉండటమే మంచిది.

సత్యం కంప్యూటర్స్ లెక్కల మాయ 2009 జనవరి 7న బయటపడినప్పుడు మనమంతా తల వంచుకున్నాం. వేల కోట్ల మోసం గురించి నెలల తరబడి మాట్లాడుకున్నాం. అలాంటివి మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి చిన్నవి. ఒక ఫోను కాలు, ఒక ఫార్వర్డు, ఒక టిక్కు, 'నేను చూసుకుంటాగా' అనే ఒక మాట. ఈ ఏడాది ఆగస్టులో కూడా డాలస్‌లోనూ చికాగోలోనూ నెవార్క్‌లోనూ విమానం దిగే పిల్లలు, రెండు పెట్టెలతో పాటు మనవాళ్ల ఫోను నంబర్లు నాలుగు రాసుకుని వస్తారు. ఆ నాలుగు నంబర్లలో మనది ఉంటే, అది ఎత్తినప్పుడు మనం చెప్పే మాటకు ధర ఉండకూడదు. ఉంటే, ఆ ధర ఎంతో వాళ్లకు చెప్పాలి.